వాలులో ఇంజన్ ఆపితే స్టీరింగుకూ ముప్పే, బ్రేకుకూ ముప్పే
నాలుగు చుక్కల డీజిల్ కోసం ప్రాణాలతో చెలగాటం

మారేడుమిల్లి: వాలు కనిపించగానే గేరు తీసి, ఇంజన్ కూడా ఆపి లారీని దొర్లించటం కొందరు డ్రైవర్లకు అలవాటు. డీజిల్ మిగులుతుందన్నది వారి లెక్క. మారేడుమిల్లి - చింతూరు, దోర్నాల - శ్రీశైలం, అనంతగిరి - అరకు వంటి ఘాట్ రోడ్లపై ఈ లెక్క ప్రాణాల మీదకు తెస్తుంది. లోడు లారీలో స్టీరింగు తిరిగేదీ, బ్రేకు పడేదీ డ్రైవరు కండబలంతో కాదు, ఇంజన్ బలంతో అన్న సంగతి మరువరాదు.

రెండింటికీ ఇంజనే ఆధారం

సరుకు నిండిన లారీ ముందు చక్రాలపై టన్నుల కొద్దీ బరువు పడుతుంది. ఇంజన్ నడిపే పంపు ఆయిలును ఒత్తిడితో స్టీరింగు బాక్సులోకి నెట్టి ఆ భారాన్ని తాను మోస్తుంది. ఇదే పవర్ స్టీరింగు. బ్రేకుల సంగతీ ఇంతే. ఇంజన్ తిప్పే కంప్రెషర్ ట్యాంకులలో గాలి నింపుతుంది. పెడల్ తొక్కితే ఆ గాలే చక్రాల వద్దకు వెళ్లి బ్రేకులు పట్టిస్తుంది. కొన్ని ఇంజన్లలో స్టీరింగు పంపును కంప్రెషర్ వెనుకనే బిగిస్తారు.

అమెరికాలోని కొన్ని డీజిల్ పికప్ ట్రక్కులలో స్టీరింగు పంపు ఆయిలే బ్రేకుకు కూడా సాయపడుతుంది. అక్కడ పంపు బెల్టు తెగితే, నిల్వ ఉన్న ఒత్తిడితో బ్రేకుకు రెండు మూడు తొక్కుల వరకే సాయం అందుతుంది.

ఒకటి వెంటనే, మరొకటి మెల్లగా

ఇంజన్ ఆగగానే స్టీరింగు బిగుసుకుంటుంది. లింకులు ఉన్నాయి గనుక చక్రం తిరుగుతుంది గాని, హెయిర్ పిన్ మలుపులో అంత బలం, అంత వ్యవధి డ్రైవరుకు ఉండవు. తాళం పూర్తిగా వెనక్కు తిప్పితే స్టీరింగు లాక్ పడే బండ్లూ ఉన్నాయి.

బ్రేకు మాత్రం వెంటనే పోదు. ట్యాంకులో గాలి ఉన్నంతసేపూ బాగానే పడుతుంది. అసలు మోసం ఇక్కడే ఉన్నది. తొక్కి వదిలిన ప్రతిసారీ కొంత గాలి బయటకు పోతుంది, కొత్త గాలి రాదు. బజర్ మోగేసరికి లారీ వేగం అందుకుని ఉంటుంది. గాలి మరీ తగ్గితే, స్ప్రింగ్ బ్రేకులున్న బండ్లలో అవి వాటంతట అవే పట్టేస్తాయి. మలుపులో అలా జరిగితే లారీ అదుపు తప్పవచ్చు.

ఇంజన్ ఆపకుండా న్యూట్రల్‌లో దిగినా క్షేమం కాదు. ఇంజన్ పట్టు లేక భారమంతా లైనర్లపై పడుతుంది. డ్రమ్ములు కాలి, గాలి నిండుగా ఉన్నా బ్రేకు పట్టదు.

డీజిల్ మిగిలేదెక్కడ?

నేటి ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలేటర్ మీది కాలు తీస్తే, దిగుడులో డీజిల్ సరఫరా దానంతట అదే ఆగుతుంది. చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. స్టీరింగు పంపు, కంప్రెషర్ పనిచేస్తూనే ఉంటాయి. న్యూట్రల్‌లోనైతే ఇంజన్ ఆగకుండా ఉండేందుకు డీజిల్ కాలుతూనే ఉంటుంది. అంటే ఆదా అనుకున్నది ఖర్చే!

ఘాట్ దిగే ముందు గాలి మీటరు నిండే వరకు ఆగాలి. స్టీరింగు ఆయిలు, బెల్టులు చూసుకోవాలి. ట్యాంకులలో చేరిన నీటిని వదలాలి. తక్కువ గేరులో, ఎగ్జాస్ట్ బ్రేకు వాడుతూ దిగాలి. దారిలో ఇంజన్ ఆగిపోతే బ్రేకును పదేపదే తొక్కరాదు. ఒకేసారి గట్టిగా తొక్కి పట్టి, రెండు చేతులతో స్టీరింగును బలంగా పట్టుకుని, రోడ్డు వారన ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టాలి.

లారీ యజమానులు సైతం డీజిల్ లెక్కల కోసం డ్రైవర్లను ఒత్తిడి చేయరాదు. ఘాట్ కింద ఆటోలూ, మోటారు సైకిళ్లూ, సంతకు నడిచివెళ్లే జనమూ ఉంటారు. బ్రేకు లేని లారీకి వారెవరూ అడ్డు నిలువలేరు.