మనవాళ్ళను పోలీసులు పట్టుకుపోతే ఏం చేయాలి?

 

ఈ సంగతి గోడమీద పెట్టాలా వద్దా అని చాలా ఆలోచించాను. మా కాక తొమ్మిది రోజులు జైల్లో ఉండి వచ్చాడని తెలిసి, మనలో కొందరు నన్ను "దొంగ ఇంటోడు" అన్నారు. అందుకే రాస్తున్నాను.

మా కాక హైదరాబాదులోని సుల్తాన్ బజారులో హమాలీ పని చేస్తాడు. పోయిన దసరా ముందు ఒక దుకాణంలో చీరల మూట కనబడలేదని నలుగురు హమాలీలను ఒక ఠాణాకు తీసుకుపోయారు. ఆ సాయంత్రం నుంచి కాక ఫోను మోగలేదు. మర్నాడు నాయిన, నానమ్మ, నేను దేవరకొండలో బస్సెక్కి ఇమ్లీబన్‌లో దిగి కోఠి దాకా నడిచాం. ఎవరిని అడగాలో తెలియదు. ఒకాయన "సారుతో మాట్లాడి విడిపిస్తా" అని రెండువేలు తీసుకుని సందులోకి పోయాడు, మళ్ళీ రాలేదు. అది నానమ్మ మేకను అమ్మిన డబ్బు. మేము అలా తిరుగుతుండగానే కాకను నాంపల్లి కోర్టులో హాజరు పరిచి, చంచల్‌గూడ జైలుకు పంపారు.

తర్వాత కోర్టులో ఉచితంగా కేసు చూసిన వకీలమ్మ చెప్పినవి, మన సాంఘికశాస్త్రం సారు చూపించినవి కలిపి రాస్తున్నాను.

1. లాకప్ వేరు, జైలు వేరు. ఠాణాలో ఉండే గది లాకప్. అందులో పెట్టిన మనిషిని 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. దారిలో పట్టే సమయం దీనిలో కలపరు. ఇది మన రాజ్యాంగం 22వ అధికరణంలో ఉంది. మేజిస్ట్రేటు రిమాండు రాస్తేనే జైలుకు పంపుతారు. రిమాండు అంటే శిక్ష కాదు, కేసు తేలేదాకా ఉంచడం. నేరం రుజువయ్యేదాకా ఎవరూ దొంగ కాదు.

2. ఇంటికి చెప్పాలి. ఎందుకు అరెస్టు చేశారో ఆ మనిషికి చెప్పాలి. ఎక్కడ ఉంచారో అతను కోరిన బంధువుకో స్నేహితుడికో తెలపాలి. డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహితలో కూడా ఉంది. కాబట్టి ఠాణాకు పోయి భయపడకుండా నాలుగే మాటలు అడగండి: మావాడు ఇక్కడ ఉన్నాడా? ఏ కేసు, నంబరు ఎంత? ఏ కోర్టుకు తీసుకుపోతారు? ఎప్పుడు? జవాబులు కాగితం మీద రాసుకోండి. విచారణ జరిగేటప్పుడు వకీలును కలిసే హక్కు కూడా ఉంది.

3. వకీలుకు డబ్బు లేకపోతే? 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద గిరిజనులకు, దళితులకు, ఆడవాళ్ళకు, పిల్లలకు, కస్టడీలో ఉన్నవాళ్ళకు ఉచితంగా వకీలునిస్తారు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. కోర్టు ఆవరణలో "న్యాయ సేవాధికార సంస్థ ఎక్కడ?" అని అడిగినా చాలు. మేము మొదటిరోజే ఇది అడిగి ఉంటే మేక మిగిలేది.

4. బెయిలు. కొన్ని నేరాలకు బెయిలు హక్కుగా వస్తుంది. అలాంటి కేసులో వారం లోపల జామీను దొరకని పేదవాణ్ణి సొంత పూచీ మీదే వదలాలని చట్టం. మిగతా నేరాలకు మేజిస్ట్రేటు చూసి ఇస్తారు. కాకది అలాంటిదే. తొమ్మిదో రోజు వచ్చింది. కేసు ఇంకా నడుస్తోంది, వాయిదాలకు పోతున్నాడు.

5. ములాఖత్. జైల్లో ఉన్నవాణ్ణి కలవడాన్ని ములాఖత్ అంటారు. గుర్తింపు కార్డు తీసుకుపోవాలి. నానమ్మ జొన్నరొట్టెలు మూటగట్టుకుని వస్తే గేటు దగ్గరే ఆపేశారు. ఏం ఇవ్వచ్చో ముందే అడగాలి. రోజూ మందులు వాడే మనిషైతే డాక్టరు చీటీ జైలువాళ్ళకు ఇవ్వాలి.

6. మనకు ముఖ్యమైనది. 18 ఏళ్ళు నిండని వాళ్ళను లాకప్‌లోగాని జైల్లోగాని పెట్టకూడదు. బాల న్యాయ మండలి ముందుకు తీసుకుపోవాలి. 1098కి ఫోను చేయండి.

సుల్తాన్ బజారు పక్కనే, కోఠిలో, పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం ఉంది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దానిమీద దాడి చేశారు. తర్వాత మౌల్వీని అండమానుకు పంపారు. అక్కడికి పోయి ముఖం చూసి రావడం ఇంటివాళ్ళకు సాధ్యమయ్యే పనేనా? మనకైతే చంచల్‌గూడ గేటు దాకా బస్సు ఉంది. పోకపోతే తప్పు మనదే.

కాక బయటికి వచ్చాక ఒక మాట అన్నాడు: "దోమలకు ఏడవలేదురా. నేనెక్కడున్నానో మీకు తెలియదేమోనని ఏడ్చిన." జాలీ అవతల నానమ్మ కనబడ్డ రోజు నుంచే అన్నం తిన్నాడట.

మిత్రులారా, ఈ రెండు నంబర్లు నోటుపుస్తకం వెనక రాసుకోండి. సెలవులకు పోయినప్పుడు ఇంట్లో చదివి వినిపించండి. వార్డెన్ సార్లకు ఒక విన్నపం: పిల్లల ఇంట్లో ఇలాంటి కష్టం వచ్చిందని తెలిస్తే ఆ రోజు ఫోను చేసుకోనివ్వండి, ఒక పూట సెలవు ఇప్పించండి. ఇంకెవరినీ "దొంగ ఇంటోడు" అనకండి.

— 9వ తరగతి విద్యార్థి