నది ఎందుకు ఎండిపోతుంది?

విద్యార్థులారా! నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏ.డి.' చిత్రం మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో గంగ ఎండిపోయింది. కాశీ ఒక్కటే చివరి నగరంగా మిగిలింది. "రెండవ భాగంలో గంగ మళ్ళీ పారుతుందా, సార్?" అని మా తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు. కథ సంగతి దర్శకునికే తెలియాలి. నది ఎందుకు ఎండుతుందో మాత్రం మనం తెలుసుకోవచ్చు.

మన మోమిన్‌పేటకు దగ్గరలోని అనంతగిరి కొండల్లో మూసీ నది పుట్టింది. అక్కడ మంచు లేదు. మరి వాన వెలిశాక కూడా వాగులో నీరు ఎలా పారుతుంది? నేలలోకి ఇంకిన వాననీరు ఊటగా మెల్లగా బయటికి వస్తుంది. భూగర్భ జలమట్టం వాగు అడుగుకంటే ఎత్తున ఉన్నంతకాలమే ఈ ఊట ఉంటుంది. బోరుబావులతో అతిగా తోడితే జలమట్టం దిగిపోతుంది. అప్పుడు ఊట ఆగటమే కాదు, వాగులోని నీరే నేలలోకి ఇంకిపోతుంది. గంగకు మంచు కరిగిన నీరు తోడైనా, వేసవిలో ఈ ఊట దానికీ ఆధారమే.

పెద్దవారిని వెంటబెట్టుకొని మీ ఊరి బావిలోకి తాడుకు రాయి కట్టి వదలండి. నీటిని తాకేవరకు ఎంత తాడు దిగిందో ప్రతినెలా కొలిచి రాయండి. నిరుడు ఇదే నెలలో కంటే తాడు ఎక్కువ దిగుతూంటే, ఆ సినిమా మొదటి భాగం మన ఊళ్ళోనే మొదలైందన్నమాట! రెండవ భాగాన్ని మార్చేవి మన చెరువులూ, ఇంకుడు గుంతలే.