బనియాస్‌లో లొల్ల లాకులు

అబుధాబి పక్కనున్న బనియాస్‌లో మా ఫ్లాట్‌కి వచ్చిన ఈ నెల రోజుల్లో నాన్న నోరు విప్పింది తక్కువే. అమ్మ పోయాక అంతే. మొన్న శనివారం టీవీలో ఇంగ్లండ్ కాలువల కార్యక్రమం వచ్చింది. ఏడడుగుల వెడల్పున్న సన్నటి పడవ లాకులోకి దూరిందో లేదో, అవతలి తలుపు తెరుచుకుంది.

“ఒరే, నీళ్లు సమం కాకుండా తలుపెలా వస్తుందిరా? ఏనుగు తోసినా రాదు!” నాన్న సోఫాలోంచి లేచారు.

మధ్యలో కత్తిరించి ఉంటారన్నాను. వినలేదు.

మా తాతగారిది ధాన్యం పడవ. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక, గోదావరి కాలువలు పొలాలకే కాదు, పడవలకీ దారులయ్యాయి. లొల్ల లాకుల దగ్గర తూములెత్తి, నీళ్లు రెండువైపులా ఒకే మట్టానికి వచ్చేదాకా కాసుక్కూర్చోవడం, గాలి పడిపోతే తాడు భుజానేసుకుని గట్టుమీద నడుస్తూ పడవ లాగడం... గంటసేపు చెప్పారు. నేను కోనసీమలోనే పెరిగాను, ఇవేవీ అడగలేదు.

రోడ్లు, లారీలు వచ్చాక పడవ అమ్మేశారట. ఎంతకని అడిగాను.

“అది వెనక్కి తిప్పు, తలుపు మళ్లీ చూద్దాం” అన్నారు.