మా యింటి అరుగుపై పరదేశపు పాటలు

ఆదివారము సాయంకాలము నాలుగు గంటలు కాగానే అరుగు ఊడ్చి చాపలు పరచుట మా యింట రెండేండ్లుగా నడచుచున్న పని. మాది విశాఖపట్టణము, మావారు బడిపంతులు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చదువుకొనుటకై దూరదేశములనుండి వచ్చిన ఆడపిల్లలు కొందరు మా వీధిలో మేడగదులు అద్దెకు తీసికొని యున్నారు. కూరగాయల బేరమునకు చాలినంత తెలుగు నేర్పుడని వారు మావారి నడిగిరి. నేర్పుట వారి వంతు, ఫలహారము మా వంతు. నాలుగు వారములు గడచుసరికి పాఠము వెనుకకు జరిగి పాట ముందునకు వచ్చినది. దీనికి మావారు మమ్మే నిందింతురు.

ఆ నింద కొంత నిజమే. మేము కళాశాల మెట్లెక్కినవారము కాము. మా నాయనగారు ఇంటివద్దనే మాకు భారతమును, వసుచరిత్రమును చెప్పిరి. వసుచరిత్ర పద్యములు వీణమీద పలుకునని పెద్దలందురు గదా! ఆ వీణను మాత్రము మాకు ముట్టనీయలేదు. సంసారుల పిల్లకు సంగీతమెందుకని మా తాతగారి వాదము. కావున ఎవరైన పాడుదురన్నచో పొయ్యిమీది కూర మాడినను లేవక కూర్చుండుట మాకు చిన్ననాటినుండి వచ్చిన బలహీనత.

మొట్టమొదట పాడినది ఇథియోపియా పిల్ల. ఆమె దేశమున అతిథులకు కాఫీ యిచ్చుట ఒక చిన్న నోమువంటిది. నేలపై పచ్చిగడ్డి పరచి, ధూపము వేసి, గింజలను అప్పటికప్పుడు పెనముపై వేయించి, ఆ పొగను వచ్చినవారి ముఖములవైపు త్రిప్పి వాసన చూపి, దంచి, 'జెబెనా' యను సన్నమెడ గల మట్టికూజాలో కాతురు. మూడు విడతలు పోయుదురు. ఒక్కొక్క విడతకు ఒక్కొక్క పేరు: అబోల్, తోనా, బరకా. మూడవది త్రాగక లేచిపోవుట మర్యాద కాదు. మాకు ఆ కూజా లేదు గనుక అరకు గింజలను మూకుడులో వేయించి, రోట దంచి, ఇత్తడి చెంబులో కాచితిమి. అరబికా కాఫీకి పుట్టినిల్లు ఆమె దేశమే. పుట్టింటి పిల్లను ఆ గింజ మా అరుగుమీద కలిసికొన్నదని అందరమును నవ్వుకొంటిమి.

ఆ మూడవ గిన్నె చేత బట్టుకొని ఆమె 'తిజితా' పాడినది. అమ్హారిక్ భాషలో తిజితా యనగా జ్ఞాపకము. పోయినదానిని తలచుకొని లోలోపల కుములుట. ఆ పాటకు నదియే పేరు, అది నడచు స్వరముల వరుసకును నదియే పేరు. వారికి ఇట్టి వరుసలలో ముఖ్యమైనవి నాలుగు: తిజితా, బాతి, అంబస్సెల్, అంచిహోయె. అన్నియు అయిదేసి స్వరములవే. ఆమె ఒక చరణము ముగించెనో లేదో, ప్రక్కయింటి సంగీతపు పంతులమ్మగారు తలుపు తీసికొని వచ్చి, "ఎవరమ్మా, మోహనము పాడుచున్నది?" అని అడిగిరి.

వారి చెవి పొరబడలేదు. తిజితా రెండు తీరులుగా నుండును. అందొక దానిలో స్వరములు మన మోహనమువలెనే స, రి, గ, ప, ద. బాతిలో నొక తీరు మన శుద్ధధన్యాసికి దగ్గర. అయినను ఆమె పాడినది మోహనము కాదు. మోహనము వినిన మనకు ప్రాణము లేచి వచ్చును. అవే అయిదు స్వరములు ఆ దేశమున కన్నీటికి తావు. మనము గమకముతో ఊపు చోట ఆమె గొంతును సన్నగా వణకించి, తెగబోవు దారమువలె విడిచినది. పంతులమ్మగారు రెండు మారులు వెంట పాడబోయి, రెండు మారులును మోహనములోనికి జారిపోయి, నవ్వి ఊరకుండిరి.

నాటినుండి ఆమె తన దేశపు గాయకురాండ్ర కథలు చెప్పసాగెను. వారిలో మాకు మిక్కిలి నచ్చినది ఒక సన్యాసిని. పేరు ఎమహోయ్ త్సెగె మర్యామ్ గెబ్రూ. 1923లో అడిస్ అబాబాలో సంపన్నుల యింట పుట్టి, పసితనముననే స్విట్జర్లాండునకు పోయి చదివి, వాయులీనము నేర్చినది. ఇటలీవారు 1936లో దేశమును గైకొన్న పిదప కుటుంబముతో కూడ బందీయై ఇటలీకి పోవలసివచ్చినది. విడుదలయైన తరువాత కైరోలో సంగీతాభ్యాసము చేసినది. ఇరువదేండ్లు దాటగానే సన్యసించి కొండమీది మఠమున చేరినది. అయినను పియానోను విడువలేదు. 1967లో తొలి రికార్డు వెలువడగా, వచ్చిన సొమ్మును ధర్మకార్యములకు వినియోగించినది. 2023లో యెరూషలేమున, తొంబదితొమ్మిదవ యేట, కన్నుమూసినది. ఆమె వాయించినది మేమును వింటిమి. పాశ్చాత్యుల పెట్టెమీద ఇథియోపియా అయిదు స్వరములు పలుకుచుండగా, ఎవరో నిద్రపట్టని రాత్రి ఇంటిలో మెల్లగా తిరుగుచున్నట్లుండెను.

వారి సంవత్సరాది మన లెక్కకు సెప్టెంబరు 11వ తేదీన వచ్చునట. వానలు వెనుకబట్టి కొండలన్నియు పసుపుపచ్చని పూలతో నిండిన వేళ, ఆడపిల్లలు ఆ పూలు పట్టుకొని ఇల్లిల్లు తిరిగి పాడుదురు. తెలంగాణమున తంగేడుపూల బతుకమ్మ యెత్తు సోదరీమణులకు, సంక్రాంతికి గొబ్బిపాటలు పాడు మా వైపు పిల్లలకు దీనిని వేరుగా వర్ణించి చెప్ప బనిలేదు.

జావా పిల్ల పాడదు. వాయించుటకు ఆమె వాద్యమును ఒక్కరు మోసికొని రాలేరు. గామెలాన్ అనునది ఒక వాద్యము కాదు, ఒక మేళము: కంచుపలకలు, బోర్లించిన గిన్నెలు, మనిషంత వెడల్పు తోచు పెద్ద గంటపళ్ళెములు. ఆమె చెప్పిన ఒక సంగతి మా మనసున నిలిచినది. మేళమంతయు ఒక్కసారిగా పోతపోసి, దానికదియే శ్రుతి కుదుర్తురు. ఒక మేళపు పలకను తెచ్చి మరియొక మేళమున పెట్టినచో కలియదు. "కోడలినైన కలుపుకొనవచ్చును గాని పలకను కలుపుకొనరాదన్నమాట" అని మా అత్తగారు అరుగుచివరనుండి అనిరి. ఆ మేళముతోనే వారి తోలుబొమ్మలాట తెల్లవార్లును నడచును. ఆ బొమ్మలలో మన అర్జునుడును, సీతయు నున్నారు.

ఇన్ని మాటలు నడచుచుండగా కాబూలు పిల్ల మాత్రము వినుచు కూర్చుండెడిది. "నీవును ఒకటి పాడవమ్మా" అనినచో తల వంచుకొనెడిది. చాలనాళ్ళకు వాద్యముల మాట వచ్చినప్పుడు నోరు విప్పి రబాబు సంగతి చెప్పెను. మల్బరీ కొయ్యను తొలిచి, మేకతోలు కప్పి, తీగలు బిగింతురు. మీ హిందూస్థానపు సరోదు దాని బిడ్డయే యని గర్వముతో పలికెను. అది నిజమే. 2024లో రబాబు తయారియు వాదనమును యునెస్కోవారి జాబితాకెక్కినవి. "కాని అక్కా, రబాబు మగవారి చేతిది. మాది దాయిరా" అనెను. దాయిరా యనగా మన జల్లెడవంటి చట్రము. ఒకవైపు తోలు, లోపల చిన్న చిన్న ఉంగరములు. పెండ్లిండ్లలో ఆడువారు తమలో తాము చేరి దానిని వాయించి పాడెడివారు.

పష్తో భాషలో ఆడువారి నోట పుట్టిన రెండు పాదముల పాటలున్నవి. వానిని 'లండయ్' అందురు. మొదటి పాదమున 9 అక్షరములు, రెండవదానిలో 13, అంతే. ఆ మాటకు పొట్టి విషసర్పమను అర్థమును గలదట. కట్టినవారి పేరుండదు. ప్రియుడు రాకపోవుట, ముసలి మగనితో కాపురము, యుద్ధమునకు పోయినవాడు, విడిచిన ఊరు: ఇవియే విషయములు. మాకు వెంటనే హాలుని గాథాసప్తశతి తలపునకు వచ్చినది. ఆ ప్రాకృత గాథలును రెండేసి పాదములవే. వానియందును ఎన్నో స్త్రీ నోటి మాటగా, ఎవరును వినుటలేదనుకొని చెప్పుకొన్నట్లుండును. మేము రెండు మూడు గాథల భావము చెప్పగా ఆ పిల్ల మొదటిసారి పెద్దగా నవ్వి, "ఇవి మా ఊరివే" యనెను.

పిదప చెప్పిన సంగతులలో నవ్వు లేదు. 1951లో మీర్మన్ పర్వీన్ అను నామె కాబూలు రేడియోలో పాడి ఆ దేశపు ఆడువారికి దారి తీసినది. 1977లో మహ్వశ్ అను గాయనికి 'ఉస్తాద్' బిరుదము లభించినది. అంతకుముందు ఏ స్త్రీకిని ఆ బిరుదము లేదు. 1996నుండి 2001వరకు తాలిబానుల యేలుబడిలో సంగీతమే నిషిద్ధము. ఆ పిదప 2010లో కాబూలున సంగీత విద్యాలయము తెరచిరి. అందలి ఆడపిల్లలు 'జోహ్రా' యను మేళముగా కూడి 2017లో స్విట్జర్లాండులోని దావోస్ వరకు పోయి వాయించిరి. 2021 ఆగస్టు 15వ తేదీన కాబూలు మరల తాలిబానుల వశమైనది. విద్యాలయము మూతబడినది, పిల్లలును గురువులును పోర్చుగల్లున తలదాచుకొనిరి. 2022 డిసెంబరులో స్త్రీలకు విశ్వవిద్యాలయములు మూసిరి. 2024 ఆగస్టులో ప్రకటించిన శాసనమున స్త్రీ కంఠధ్వనియే పరులు వినరానిదిగా చేర్చిరి.

ఈ పిల్ల తల్లి పెండ్లిండ్లలో దాయిరా వాయించెడిదట. 2021లో, సోదాలు జరుగుచున్నవని విని, ఆమె తన చేతులతోనే దానిని విరిచి రొట్టెల పొయ్యిలో వేసినది. తోలు కాలిన వాసన మూడు దినములు ఇంట నుండెననియు, అన్నము సహింపలేదనియు చెప్పి ఆ పిల్ల ఊరకుండెను.

ఓదార్చుదమను తలంపుతో మేము బెంగుళూరు నాగరత్నమ్మగారి కథ చెప్పితిమి. ముద్దుపళని వ్రాసిన రాధికాసాంత్వనమును వారు 1910లో పరిష్కరించి ప్రకటింపగా ఆంగ్ల ప్రభుత్వము దానిని నిషేధించుటయు, తిరువయ్యారున త్యాగరాజస్వామివారి ఆరాధనలో స్త్రీలు పాడరాదనుచుండగా వారు తన సొమ్ముతో స్థలము కొని, 1925 నాటికి సమాధిపై మందిరము కట్టించి, స్త్రీల పాటకు వేరుగా ఏర్పాటు చేసి, తుదకు 1940 ప్రాంతమున అందరును కలసి ఆరాధన జరుపునట్లు చూచుటయు పూసగ్రుచ్చినట్లు వివరించితిమి. త్యాగయ్యగారు పాడినది మన తెలుగే యని కూడ కొంత గొప్ప చెప్పుకొంటిమి.

ఆ పిల్ల శ్రద్ధగా వినెను. విని, "అక్కా, ఆమెకు భూమి కొనుటకు వీలుండెను. మా అమ్మకు కిటికీ తీయుటకు వీలు లేదు" అనెను.

మాకు మాట తోచలేదు. ఆ రాత్రి మా తాతగారు మరల మరల గుర్తునకు వచ్చిరి. వారు క్రూరులు కారు. మాకు అమరము కంఠస్థము చేయించినది వారే. మరి ఆ వీణ ఇరువదియేండ్లు మూలగదిలో గవిసెనలో నుండి, చివరకు చెదలు పట్టి పోయినది. ఆ యింటి ఆడువారిలో ఒక్కరును దానిని గూర్చి అడుగలేదు, మేమును అడుగలేదు. కాబూలు శాసనమునకు, మా తాతగారి మాటకు ఎంతయో అంతరము గలదు. ఆ అంతరమును కొలుచుటకు మాకు సిగ్గు కలిగినది. పంతులమ్మగారివద్ద సరళీస్వరములు మొదలుపెట్టి ఇప్పటికి అయిదు నెలలు. వ్రేళ్ళు మొద్దుబారినవని వారు రోజును విసుగుకొందురు.

క్రిందటి నెల ఒక ఆదివారము, అడుగకయే, కాబూలు పిల్ల మా వంటయింటిలోనికి పోయి పిండిజల్లెడ తెచ్చినది. దానికి దళసరి కాగితము బిగించి కట్టి, రెండు ఇనుప తాళపుచెవుల గుత్తులు తగిలించి, చాపమీద కూర్చుండెను. లండయ్ ఒకటి పాడెను, మరియొకటి పాడెను. ఆ పాటలను ఇచ్చట వ్రాయవద్దని కోరినది గనుక వ్రాయలేదు. గొంతు చాలనాళ్ళు మూసియుంచిన పెట్టె తెరచినట్లు మొదట కిఱ్ఱుమని, తరువాత తేటపడినది. జావా పిల్ల గిన్నె అంచున చెంచాతో కాలము చూపుచుండెను.

పాట నడుమనే ఆమె ఫోనులో తల్లిని పిలిచినది. తెరమీద దీపము తగ్గించిన గది, తలుపు క్రింద గుడ్డ దోపియున్నది. ఆ పిల్ల పాట సాగించెను. తల్లి పాడలేదు; పెదవులైన కదల్పలేదు. ముందున్న చెక్కబల్లపై కుడిచేతి వ్రేళ్ళతో తాళము వేయసాగెను. కూతురు ఒకచోట తొందరపడగా ఆ వ్రేళ్ళు ఆగి, మొదటినుండి మరల ఎత్తుకొన్నవి. కూతురును మొదటినుండి ఎత్తుకొనెను. అట్లు మూడు మారులు జరిగినది. ఇంతలో ఫోను తెగిపోయినది.

మా చేతులలోని కాఫీ చల్లారియుండెను. ఇథియోపియా పిల్ల ఏమియు అనక, గిన్నెలన్నియు తీసికొని, మరల గింజలు వేయించుటకు లోనికి పోయెను.