విమ్‌లో రంగులు: గుర్తించేది ఒకరు, పూసేది మరొకరు

కస్టమరు సర్వరులోకి టెర్మినలు ద్వారా వెళ్ళి, అక్కడున్న విమ్ ఎడిటరుతోనే సర్దుకోవలసిన పరిస్థితి మనలో చాలామందికి తప్పదు. అక్కడ మనకు నచ్చిన ఐడీఈ వేసుకోనివ్వరు. నల్లటి తెరమీద ముదురు నీలంరంగులో కామెంట్లు కనబడతాయి, లేదా అసలు రంగులే ఉండవు. కళ్ళు చికిలించుకుని చదివేవాళ్ళనీ, విసిగిపోయి రంగులన్నీ తీసేసేవాళ్ళనీ చూశాను. నాలుగైదు కమాండులు తెలిస్తే ఆ అవస్థ ఉండదు.

ముందుగా ఒక మాట. కమాండులను కూడా ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. మీరు వాటిని ఇంగ్లీషులో, చిన్న అక్షరాలతో, మామూలు స్పెల్లింగుతో కొట్టాలి. అన్నిటికీ ముందు ఎస్కేప్ నొక్కడం మరవకండి.

బిల్ జాయ్ 1976లో మొదలుపెట్టిన వీఐలో ఈ రంగుల గొడవ లేదు. బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేసిన విమ్‌లోనూ మొదట్లో లేదు. 1998లో వచ్చిన 5.0 వెర్షనుతో రంగులు వచ్చాయి. మూలెనార్ 2023లో చనిపోయారు, కాని ఆయన ఆనాడు పెట్టిన పద్ధతి ఇప్పటికీ అదే.

ఆ పద్ధతిలో పనులు రెండు. మన ఊళ్ళలో రేషను కార్డులు గుర్తున్నాయి కదా? ఏ కుటుంబం ఏ తరగతిలోకి వస్తుందో తేల్చడం ఒక పని. ఆ తరగతికి తెల్లకార్డా, గులాబీ కార్డా అన్నది వేరే నిర్ణయం. విమ్‌లో మొదటి పని సింటాక్స్ కమాండుది: ఈ ముక్క కామెంటు, ఇది స్ట్రింగు, ఇది కీవర్డు అని గ్రూపులుగా విడగొడుతుంది. దానికి రంగుతో సంబంధం లేదు. రెండోది హైలైట్ కమాండుది: కామెంటు గ్రూపుకి ఈ రంగు, స్ట్రింగుకి ఆ రంగు అని చెబుతుంది. దానికి భాషతో సంబంధం లేదు. ఏ తేడా వచ్చినా ముందు ఇది గుర్తింపులో లోపమా, రంగులో లోపమా అని అడగండి. సగం పని అక్కడే అయిపోతుంది.

రంగులు బొత్తిగా లేకపోతే :సింటాక్స్ ఆన్ కొట్టండి. ఈ319 అనే ఎర్రరు వస్తే తప్పు మీది కాదు. చాలా లినక్సు సర్వర్లలో విమ్‌ను కుదించిన చిన్న వెర్షను మాత్రమే ఉంటుంది, అందులో ఈ సౌకర్యం లేదు. :వెర్షన్ అని కొడితే వచ్చే జాబితాలో సింటాక్స్ అనే మాట ముందు ప్లస్ ఉందో మైనస్ ఉందో చూడండి. మైనస్ ఉంటే పూర్తి విమ్ వేయమని అడ్మినుని అడగడమే మార్గం.

ప్లస్ ఉండి కూడా రంగులు రాకపోతే ఫైలు ఏ రకమో విమ్‌కి తెలియలేదన్నమాట. అది ఫైలు పేరునీ, మొదటి వరసలనీ చూసి ఊహిస్తుంది. ఎక్స్‌టెన్షను లేని షెల్ స్క్రిప్టులో పైన షెబాంగ్ వరస కూడా లేకపోతే దానికి ఆధారం దొరకదు. :సెట్ ఫైల్‌టైప్? అని అడిగితే ఏమనుకుంటోందో చెబుతుంది. :సెట్ ఫైల్‌టైప్=ఎస్‌హెచ్ అని మనమే చెప్పవచ్చు.

ఇక ఆ ముదురు నీలం. ఇది పూర్తిగా రెండో పనికి చెందిన తేడా. మీ టెర్మినలు నేపథ్యం తెల్లగా ఉందని విమ్ పొరబడింది. :సెట్ బ్యాక్‌గ్రౌండ్=డార్క్ అంటే చాలు. ఇది టెర్మినలు నేపథ్యాన్ని మార్చదు, అది నల్లగా ఉందని విమ్‌కి చెబుతుంది, అంతే. ఒక్క కామెంట్లనే మార్చాలంటే :హైలైట్ కామెంట్ సీటర్మ్‌ఎఫ్‌జీ=సయాన్. దీన్ని విమ్‌ఆర్‌సీలో పెట్టుకుంటే కలర్‌స్కీమ్ వరస కిందే పెట్టండి. కలర్‌స్కీమ్ వస్తూనే పాతవన్నీ తుడిచేస్తుంది. అన్నీ సరిగ్గానే పెట్టినా రంగు మారకపోతే :వెర్బోస్ హైలైట్ కామెంట్ కొట్టండి. ఆ రంగును చివరిసారి ఏ ఫైలు మార్చిందో బయటపడుతుంది. ఇంత పనికొచ్చే కమాండు చాలామందికి ఎందుకు తెలియదో నాకు అర్థం కాదు.

పెద్ద ఫైలు మధ్యలోకి దూకినప్పుడు కోడంతా స్ట్రింగు రంగులోకి మారిపోవడం మరో తంటా. విమ్ వేగం కోసం ఫైలు మొదటినుంచీ చదవదు, కొద్ది వరసలు వెనక్కి వెళ్ళి చూస్తుంది. పొడుగాటి కామెంటో స్ట్రింగో అంతకు ముందే మొదలైతే దానికి తెలియదు. :సింటాక్స్ సింక్ ఫ్రమ్‌స్టార్ట్ అంటే మొదటినుంచీ చూస్తుంది, కాస్త నెమ్మదిస్తుంది. ఒకే వరసలో ఉన్న భారీ జేసన్ ఫైలుకి సగంలో రంగు ఆగిపోతే కారణం వేరు: సిన్‌మ్యాక్స్‌కాల్ అనే హద్దు. మామూలుగా అది 3000 కాలమ్‌లు.

ఇప్పుడు మన సొంత లాగ్ ఫైలు సంగతి. దాని వ్యాకరణం మనకే తెలుసు కనుక మనమే రాసుకోవాలి. గ్రూపు పేరు మీ ఇష్టం, తెలుగు మాటైనా పరవాలేదు, ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే సరి:

:సింటాక్స్ మ్యాచ్ తప్పు /ఎర్రర్/
:హైలైట్ లింక్ తప్పు ఎర్రర్

మొదటి వరస గుర్తింపు, రెండోది రంగు. స్లాషుల మధ్య మాటను మాత్రం లాగ్‌లో ఎలా ఉంటే అలాగే, పెద్ద అక్షరాలైతే పెద్ద అక్షరాల్లోనే కొట్టండి. నేరుగా రంగు చెప్పకుండా లింక్ చేయడం వల్ల కలర్‌స్కీమ్ ఎర్రర్ గ్రూపుకి ఇచ్చే రంగే దీనికీ వస్తుంది. మాట తర్వాత వరస చివరిదాకా పట్టేలా ప్యాటర్న్ రాయాలని అందరికీ అనిపిస్తుంది. వద్దు. ఆ వరసలో లావాదేవీ నంబరుకి వేరే రూలు పెడితే అది కనబడదు, ముందు మొదలైనదే గెలుస్తుంది. ఇలాంటి రూల్సన్నీ హోమ్ డైరెక్టరీలో డాట్ విమ్ కింద సింటాక్స్ అనే డైరెక్టరీలో మనలాగ్.విమ్ అని దాచుకుంటే, :సెట్ సింటాక్స్=మనలాగ్ అనగానే వచ్చేస్తాయి.

నా దృష్టిలో రంగుల అసలు విలువ కనబడనివాటిని చూపించడంలో ఉంది. మా జట్టులో ఒకాయన వర్డ్ డాక్యుమెంటులోంచి నాలుగు వరసలు కాపీచేసి కాన్ఫిగరేషను ఫైలులో పెట్టారు. సర్వీసు లేవలేదు. లాగ్ చూపించిన వరసను ముగ్గురం చదివాం, అక్షరం తేడా లేదు. అటువైపు కస్టమరు ఫోనులోనే ఉన్నాడు. అప్పుడు కొట్టిన కమాండు ఇది:

:మ్యాచ్ ఎర్రర్ /[^\ఎక్స్00-\ఎక్స్7ఎఫ్]/

ఆస్కీ కాని అక్షరాలన్నిటినీ పట్టమని దీని అర్థం. రెండు మాటల మధ్య ఒక ఖాళీ ఎర్రగా వెలిగింది. కర్సరు దానిమీద పెట్టి జీ, ఏ నొక్కితే 160 అని వచ్చింది. మామూలు స్పేసు 32. వర్డ్ నుంచి వచ్చే వంకర కోట్‌లు కూడా ఇలాగే దొరుకుతాయి. ఇక్కడ ఎర్రర్ గ్రూపునే ఎంచుకోవడానికి కారణముంది: విమ్‌లో దానికి నేపథ్యమే ఎర్రగా ఉంటుంది. అక్షరం రంగు మార్చే గ్రూపు ఇస్తే ఖాళీకి అక్షరమేది, రంగు పూయడానికి? సింటాక్స్ ఆపేసి ఉన్నా ఈ మ్యాచ్ కమాండు పనిచేస్తుంది, ఆ ఒక్క విండోకే పరిమితం. పని అయ్యాక :మ్యాచ్ నన్ అంటే పోతుంది.