వరదకు ముందే కాపు.. ఇప్పుడే నారు
లంక భూముల్లో వేసవి కూరగాయలకు ఇదే అదను

అమలాపురం: లంకల్లో కూరగాయల సాగుకు గడువు పెట్టేది గోదావరే. జూలైలో ఎర్రనీరు వచ్చేసరికి కాపు ముగిసి, సొమ్ము రైతు చేతికి చేరాలి. అందుకు విత్తనం చలి పూర్తిగా తగ్గకముందే మడిలో పడాలి. కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి, మాఘంలో వచ్చే అంతర్వేది తీర్థానికి నడుమనున్న రోజులే కోనసీమలో వేసవి కూరగాయల నారుకు అసలైన అదను.

2022 జూలైలో ధవళేశ్వరం వద్ద గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక స్థాయి 17.75 అడుగులు. పి.గన్నవరం మండలంలోని ఊడిమూడిలంక, బూరుగులంక వంటి గ్రామాలకు వరద వస్తే పడవలే దిక్కు. ఆ సమయంలో చేలో మిగిలిన పంట నీటిపాలే. వరద వదిలివెళ్లే ఒండ్రుమట్టే మళ్లీ లంకలకు సారం. ఆ సారాన్ని పంటగా మలచుకునే వ్యవధి మాత్రం పరిమితం.

లెక్క వెనుక నుంచి..

టమాటా నారు 25 నుంచి 30 రోజుల్లో నాటుకు వస్తుంది. నాటిన రెండు నెలలకు కోత మొదలవుతుంది. జనవరి 20న విత్తితే ఏప్రిల్ నెలాఖరుకు కాయలు చేతికొచ్చి, జూన్ మొదటి వారానికి పంట ముగుస్తుంది. అదే విత్తనం నెల ఆలస్యమైతే పూత మండుటెండల్లో వస్తుంది. పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే టమాటా పూత రాలి, పిందె నిలవదు. వంగ నారుకు 30 నుంచి 35 రోజులు, మిరప నారుకు సుమారు 40 రోజులు పడుతుంది. వీటి కాపు ఎక్కువ కాలం సాగుతుంది కనుక ఆలస్యం చేస్తే చివరి కోతలు వరదకు చిక్కుతాయి.

నీటి లెక్కా ముఖ్యమే. దాళ్వా కోతల సమయంలో, సాధారణంగా ఏప్రిల్‌లో డెల్టా కాలువలు మూసి, జూన్‌లో తిరిగి నీరు వదులుతారు. ఆ మధ్యకాలంలో ఫిల్టర్ పాయింటు లేదా బోరు ఆధారం లేని రైతు విస్తీర్ణం తగ్గించుకోవడమే మేలు.

విత్తనానికి పరీక్ష

మడి కట్టకముందే మొలక చూడాలి. తడిగుడ్డలో 100 గింజలు చుట్టి నీడన ఉంచాలి. టమాటా, వంగ విత్తనాల్లో కనీసం 70, బెండలో 65, మిరప, బీర, ఆనపలో 60 మొలకెత్తాలి. ధ్రువీకరణ ప్రమాణాలు చెప్పే కనీస శాతాలివే. చలిరాత్రుల్లో మొలక మందగిస్తుంది. వారం లోపే గింజ చచ్చిందని పారవేయరాదు. కిలో విత్తనానికి 4 గ్రాముల ట్రైకోడెర్మా విరిడె పట్టించి విత్తితే నారుకుళ్లు బెడద తగ్గుతుంది.

ఎత్తు మడి.. పలుచని తడి

మీటరు వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల ఎత్తున మడులు కట్టుకోవాలి. మాగిన పశువుల ఎరువు కలిపి, వరుసల్లో పలుచగా విత్తి, పైన గడ్డి పరవాలి. మొలక కనిపించగానే గడ్డి తీసివేయాలి. మంచు కురిసే ఉదయాల్లో మడి అప్పటికే తడిగా ఉంటుంది. దానిపై మళ్లీ నీరు పోస్తే మొక్క మొదలు మెత్తబడి పడిపోతుంది. పొద్దెక్కాక, మట్టి ఆరిన మేరకే తడపాలి. కుళ్లు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మడి తడిసేలా పోయాలి. తెల్లదోమ లేతనారుకే వైరస్ అంటిస్తుంది. మడిపై సన్నకన్ను నైలాన్ వల కప్పడమే దీనికి చవకైన రక్షణ.

కొబ్బరి పొట్టు కడిగితేనే..

ట్రేలలో నారు పెంచేవారికి కోనసీమలో కొబ్బరి పొట్టుకు కొదవ లేదు. అయితే పీచు మిల్లు నుంచి తెచ్చిన పచ్చిపొట్టులో లవణాలు, వగరు పదార్థాలు ఉంటాయి. నేరుగా వాడితే మొలక వేరు మాడుతుంది. నీరు ఎర్రబారడం మానేవరకు మంచినీటితో పలుమార్లు కడిగి, వర్మీకంపోస్టు కలిపి వాడుకోవాలి. రాజోలు, సఖినేటిపల్లి, మలికిపురం తీరప్రాంతాల్లో బోరునీరు ఉప్పగా ఉన్నచోట దానితో కడిగితే ప్రయోజనం ఉండదు.

పాదులకు నారు అక్కర్లేదు

బెండ, బీర, ఆనప, కాకర, కీరదోస నేరుగా విత్తుకోవచ్చు. గింజలు రాత్రంతా నానబెట్టి, పాదుకు రెండు మూడు చొప్పున పెట్టాలి. ఫిబ్రవరి నెలాఖరుకు ఈ పని పూర్తికావాలి. ఎండ పెరిగేకొద్దీ పాదుల్లో మగపూలు ఎక్కువై కాపు తగ్గుతుంది. రెండు నుంచి నాలుగు ఆకుల దశలో లీటరు నీటికి 3 నుంచి 4 గ్రాముల బోరాక్స్ పిచికారీ చేస్తే ఆడపూలు పెరుగుతాయి. వేసవిలో బెండకు పల్లాకు తెగులు ఎక్కువ. దానిని తట్టుకునే అర్క అనామిక వంటి రకం ఎంచుకోవాలి. పెరటి మడుల్లో కొత్తిమీరను చలి ఉండగానే చల్లుకోవాలి. ఎండ ముదిరితే త్వరగా పూతకొచ్చి ఆకు తగ్గుతుంది. తోటకూర వేడిని తట్టుకుంటుంది కనుక ఆ తర్వాత చల్లినా ఫర్వాలేదు.

బిల్లు భద్రం

విత్తనం కొన్న ప్రతిసారీ బిల్లు, ఖాళీ ప్యాకెట్, కొద్దిపాటి గింజలు పంట ముగిసేవరకు దాచుకోవాలి. మొలక రాకపోయినా, వేరే రకం తేలినా పరిహారం కోరేందుకు ఇవే ఆధారం. మొలక లోపం కనిపించిన వెంటనే గ్రామంలోని రైతు సేవా కేంద్రంలో తెలియజేయాలి. అదనులో రెండోసారి విత్తుకునే వీలు అప్పుడే ఉంటుంది.