శిలానగరిలో జనజీవనం

యాత్రారచయితకు స్థలాన్ని చూసే కన్ను ఎంత అవసరమో, అక్కడి మనుషులను చూసే కన్ను కూడా అంతే అవసరం. 1830-31 సంవత్సరాలలో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య పుణ్యక్షేత్రాలతోపాటు దారిలోని ఊళ్లను, జనుల ఆచారవ్యవహారాలను కూడా శ్రద్ధగా నమోదు చేశారు. నేటి పత్రికలలోని యాత్రాకథనాలలో ఈ రెండవ చూపు తరచుగా లోపిస్తున్నది. ప్రాచీన కట్టడాల నడుమ తరతరాలుగా నివసించేవారి పట్ల ఈ లోపం ఎటువంటి అన్యాయమో జోర్డాన్ దేశంలోని పెట్రా నగర చరిత్ర తెలియజేస్తుంది.

పెట్రా నబాటియన్ల రాజధాని. వారు ఎర్రని ఇసుకరాతి కొండలను తొలిచి సమాధులను, ఆలయాలను నిర్మించారు. సుగంధద్రవ్యాల వర్తకంతో వర్ధిల్లిన ఆ నగరం క్రీ.శ. 106లో రోమన్ల వశమై, కాలక్రమంలో క్షీణించింది. 1812లో స్విట్జర్లాండ్ దేశీయుడైన బర్క్‌హార్ట్ దానిని ‘కనుగొన్నాడని’ గ్రంథాలు కీర్తిస్తాయి. నిజానికి ఆయన అరబ్బు వేషం ధరించి, హారూన్ ప్రవక్త సమాధి వద్ద మేకను బలి ఇచ్చే మొక్కు ఉన్నదని చెప్పి, ఒక స్థానిక మార్గదర్శి వెంట ఆ లోయలో ప్రవేశించాడు. దారి చూపినవానికి ఆ నగరం ఏనాడూ మరుగునపడలేదు.

బెదూయిన్లలో ఒక శాఖ అయిన బెదూల్ తెగవారు పెట్రా గుహలలో కాపురముంటూ, మేకలను మేపుకొంటూ జీవించారు. అక్కడి ప్రసిద్ధ కట్టడం ‘ఖజ్నే’. మన ‘ఖజానా’ పదానికీ మూలం అదే అరబ్బీ ధాతువు. దాని పైభాగాన ఉన్న రాతికలశంలో ఫరో చక్రవర్తి నిధి దాగి ఉన్నదని బెదూయిన్లు విశ్వసించేవారు. ఆ విశ్వాసమే కట్టడానికి పేరైంది.

1985లో యునెస్కో పెట్రాను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ కాలంలోనే ప్రభుత్వం బెదూల్ కుటుంబాలను సమీపంలోని ఉమ్ సైహూన్ గ్రామానికి తరలించింది. వారికి ఇళ్లు, నీరు, విద్యుత్తు లభించాయి. తాతముత్తాతల గుహలు దూరమయ్యాయి. ఇరవై ఏళ్ల తరువాత, 2005లో, అదే యునెస్కో పెట్రా, వాదీరమ్ ప్రాంతాల బెదూయిన్ల సంస్కృతిని మానవాళి వారసత్వంగా ప్రకటించింది. మేకవెంట్రుకలతో గుడారాలు నేయడం, మూలికావైద్యం, కొండలెక్కే నేర్పు, ఆయా స్థలాలతో ముడివడిన పాటలు, కథలు అందులో భాగాలు. శిలలకు తొలుత దక్కిన గౌరవం మనుషులకు ఆలస్యంగా దక్కింది. అప్పటికే ఆ కథలు పుట్టిన చోటు వారి నివాసం కాకుండా పోయింది.

పర్యాటక కథనాలలో వీరు ఒంటె పక్కన నిలిచిన ఎడారిబిడ్డలుగానో, యాత్రికులను విసిగించే చిరువ్యాపారులుగానో కనిపిస్తారు. మేకల మందలతో బ్రతికినవారు గాడిదలను అద్దెకిచ్చి, పూసలదండలు అమ్మి పొట్టపోసుకోవలసిన స్థితి ఎట్లా ఏర్పడిందో వివరించేవి తక్కువ.

మెత్తని ఇసుకరాతికి పొయ్యిపొగ వలన, జనసమ్మర్దం వలన హాని కలుగుతుంది. కట్టడాల రక్షణ తప్పనిసరి. అయితే ఆ రక్షణకై ఎవరు ఏమి కోల్పోయారో విచారించడం విలేకరి ధర్మం. శాసనాన్ని చదివేంత శ్రద్ధతో అక్కడివారి మాటను ఆలకించినప్పుడే యాత్రాకథనం సమగ్రమవుతుంది.